గుర్రుముల్ పాట విన్నామా, గొంతు మాత్రమే విన్నామా?

యర్రా ఒడ్డు:

నడుంనొప్పి పుణ్యమా అని మొన్న ఫిజియోథెరపీకి వెళ్లాను, మెల్‌బోర్న్‌లో మా ఇంటి దగ్గరే. వెయిటింగ్ రూమ్‌లో చిన్న నీళ్ల ఫౌంటెన్, ఒక వెదురు మొక్క, సన్నగా ఒక పాట. ఆ గొంతు ఎంత సన్నగా పెట్టినా పోల్చుకుంటాను. గుర్రుముల్ పాడిన ‘బాపా’. వాళ్ల భాషలో బాపా అంటే నాన్న. తండ్రిని తలుచుకుని ఏడ్చే పాట. అక్కడేమో ఒకాయన మోకాలికి ఐస్ ప్యాక్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా తలూపుతున్నాడు. ఎవరి పాట ఇది అని కౌంటర్లో అమ్మాయిని అడిగాను. “తెలీదండీ, రిలాక్సేషన్ ప్లేలిస్ట్‌లో వస్తుంది. హాయిగా ఉంటుంది కదా” అంది.

ఒకరింట్లో చావు ఏడుపు ఇంకొకరి నడుంనొప్పికి మందయింది. అప్పట్నుంచీ ఇదే ఆలోచన, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

ఆయన ఎవరో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జెఫ్రీ గుర్రుముల్ యునుపింగు. 1971లో ఎల్కో ద్వీపంలోని గలివిన్‌కు ఊళ్లో పుట్టాడు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొస, ఆర్నెమ్ ల్యాండ్ తీరం. యోల్ంగు ప్రజల్లో గుమాచ్ వంశం వాడు, తల్లిది గల్పు వంశం. పుట్టుగుడ్డి. 2008లో సొంత పేరుతో మొదటి ఆల్బమ్ వచ్చింది, దాదాపు అంతా యోల్ంగు భాషల్లోనే. దేశం ఊగిపోయింది. ఎలిజబెత్ రాణి ముందు పాడాడు, ఒబామా ముందు పాడాడు. 2017 జూలై 25న, 46 ఏళ్లకే, ఉత్తరాదిలోని డార్విన్ నగరంలో పోయాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘జరిమిర్రి’ ఆస్ట్రేలియా ఆల్బమ్ చార్టులో నంబర్ వన్ అయింది. ఆదివాసీ భాషలో ఒక ఆల్బమ్ అంత పైకి వెళ్లడం అదే మొదలు.

(పోయినవాళ్ల పేరు పలకకూడదు, బొమ్మ చూపకూడదు అని యోల్ంగు ఆచారం. ఆయన విషయంలో కుటుంబమే అనుమతి ఇచ్చింది. లేకపోతే ఇక్కడ పేరు రాసేవాణ్ని కాదు.)

ఇక నా వాదన. తెల్లవాళ్ల ఆస్ట్రేలియా ఆయన్ని నెత్తిన పెట్టుకున్నది ఆయన చెప్పేది అర్థం కాకపోవడం వల్లే. ఇంకో ఆదివాసీ గాయకుడు ఆర్చీ రోచ్‌ని చూడండి. చిన్నప్పుడే ప్రభుత్వం తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కెళ్లిన వేలమంది పిల్లల్లో ఆయనొకడు. దాని మీదే ఇంగ్లిష్‌లో పాట రాశాడు. పేరున్న తెల్ల గాయకుడు పాల్ కెల్లీ కచేరీకి ముందు మెల్‌బోర్న్‌లో దాన్ని పాడితే హాల్లో చప్పుడు లేదు. జనానికి నచ్చలేదనుకుని వెనక్కి తిరిగాడట. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. ఆ నిశ్శబ్దం వినడం అంటే. గుర్రుముల్‌కి అలాంటి నిశ్శబ్దం ఎప్పుడైనా దక్కిందా? ఆయన పాటకు ఎవరి గుండే గుచ్చుకోలేదు. అంతకుముందు ఆయనే కుర్రవాడిగా వాయించిన యోతు యిండి బ్యాండ్, 1991లో ‘ట్రీటీ’ (ఒప్పందం) అనే పాటలో మాతో ఒప్పందం ఏదీ అని ప్రభుత్వాన్ని ముఖం మీదే అడిగింది. ఆ దారి వదిలేసి మెత్తటి పాటల్లోకి వచ్చాకే ఆయన స్టార్ అయ్యాడు.

కాదంటారా?

శ్రుతిపెట్టె:

కాదంటానండీ, గట్టిగానే.

మీ లెక్కన తిరువయ్యూరులో ఏటా పంచరత్న కీర్తనలు గొంతు కలిపి పాడే వందల మందిలో తెలుగు రానివాళ్లంతా త్యాగయ్యని వినలేదనాలి. సంగీతం మాట వెనకాల నడిచే బంట్రోతు కాదు.

నేను గిటార్ వాయిస్తాను, కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. ఆయనది ఎడమచేతి వాటం. గిటారేమో కుడిచేతి వాళ్లది. తీగలు మార్చకుండా అలాగే తిరగేసి పట్టుకునేవాడు. అంటే మనకు పైనుండే లావు తీగ ఆయనకు అడుగున. చెయ్యి పైనుంచి కిందికి ఊపితే ముందు సన్న తీగలు పలుకుతాయి, తర్వాత మంద్రం. ఒక సాయంత్రం నేనూ తిరగేసి ప్రయత్నించాను. మామూలు జీ కార్డ్ పట్టడానికే వేళ్లు మెలికపడ్డాయి, మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగింది. ఆ మీటులో ఒక తేలిక ఉంటుంది చూశారా, మొదటి ఆల్బమ్‌లో గిటారు అలల్లాగా వస్తుంది, దానికి సగం కారణం ఈ తిరగేసిన పట్టే అని నా అనుమానం.

‘జరిమిర్రి’ సంగతికొస్తే, మీరు దాన్ని మెత్తటి పాట అన్నారంటే సరిగా వినలేదనే అనుకుంటాను. అందులో ఉన్నవి తరతరాల సంప్రదాయ గానాలు. వాటి వెనక ఉండాల్సింది యిడకి, అదే మనం డిడ్జెరిడూ అంటాం చూడండి, ఆ బొంగు వాద్యం. దాని ఊపిరి లయల్ని ఎర్కి వెల్ట్‌హైమ్ అనే ఆయన స్వరాల్లో రాసి చెలోల (పెద్ద వయొలిన్ లాంటి మంద్ర వాద్యాల) చేత, ఇత్తడి వాద్యాల చేత వాయింపించాడు. నాలుగేళ్ల పని. మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు ఆ చెలోలు గుర్రుగుర్రుమంటూ ఒకే చోట తిరుగుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఇది వెయిటింగ్ రూమ్ సరుకు కాదు.

ఇంకో మాట. ఆదివాసీ గాయకుడు అనగానే చేతిలో ప్లకార్డు ఉండాలా? తెల్లవాడు నాన్న మీద పాడితే పాట, ఈయన పాడితే పలాయనమా?

నిద్రాదేవి భక్తుడు:

నేను రోజూ రాత్రి ఆయన పాటలు పెట్టుకునే పడుకుంటాను. ఇప్పుడు ఇద్దరూ కలిసి నన్ను దోషిని చేశారు.

యర్రా ఒడ్డు:

భక్తుడు గారూ, మిమ్మల్ని కాదులెండి :)

శ్రుతిపెట్టె గారూ, త్యాగయ్య పోలిక బాగానే ఉంది గానీ అతకదు. తెలుగు రాని తమిళ గాయకుడికి కూడా రాముడు తెలుసు. ఆ కీర్తన ఎవరిని పిలుస్తోందో, ఎందుకు పిలుస్తోందో తెలుసు. మాట ఒక్కటే తెలీదు. ఈ క్లినిక్‌లో మోకాలి ఆయనకి మాటా తెలీదు, మనిషీ తెలీదు, ఊరూ తెలీదు. ‘వియాథుల్’ పాటలో అరిచే అడవికోడి ఏ చోటు కోసం అరుస్తోందో తెలీదు.

ప్లకార్డు అడగలేదు నేను. గుర్రుముల్ ఏం పాడాలో చెప్పడానికి నేనెవర్ని? నా గొడవ చప్పట్లు కొట్టినవాళ్లతో.

మాటల మూట:

ఆలస్యంగా వచ్చాను. యర్రా ఒడ్డు గారి మొదటి పోస్టులో ఒక పెద్ద పొరపాటుంది, ముందు అది తేలుద్దాం.

ఒప్పందం పాట దారి వదిలి మెత్తటి దారి పట్టాడు అన్నారు. ఆ పాట రాసినవాళ్ల జాబితా ఎప్పుడైనా చూశారా? యోతు యిండి గాయకుడు మండవుయ్ యునుపింగు, పాల్ కెల్లీ, రాక్ గాయకుడు పీటర్ గారెట్ లాంటి పేర్ల మధ్య గుర్రుముల్ పేరు కూడా ఉంది. ఆయన ఆ పాట పక్కన నిలబడి తాళం వేసినవాడు కాడు.

దాని తర్వాతి కథ ఇంకా తమాషా. 1988లో బరుంగా అనే ఆదివాసీ ఊళ్లో ప్రధాని బాబ్ హాక్ ఆదివాసులతో ఒప్పందం చేస్తామని మాటిచ్చాడు, చెయ్యలేదు. ఆ కోపంలోంచి పుట్టింది పాట. మొదట విడుదలైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఫిల్తీ లూకర్ అనే డీజేలు దాన్ని డాన్స్ పాటగా మార్చారు. ఇంగ్లిష్ చరణాలు చాలామటుకు తీసేసి యోల్ంగు మాటల్నీ, దరువునూ ఉంచారు. అప్పుడెక్కింది చార్టు, 11వ స్థానం దాకా. అంటే సూటిగా నిలదీసిన మాటలు ఎగిరిపోయి, అర్థం కాని మాటలు క్లబ్బుల్లో మోగాయి.

ఇది మీ వాదనకు బలమా, దెబ్బా అని ఆలోచిస్తున్నారా? రెండూ. జనానికి అర్థం కానిదే సుఖం అన్న మీ మాట నిజమేనని తేలుతుంది. కానీ అది గుర్రుముల్‌తో మొదలవలేదు. ‘ఘాటు యోతు యిండి, మెత్తటి గుర్రుముల్’ అనే మీ గీత చెరిగిపోతుంది.

మరొకటి. యోల్ంగు వాళ్ల సంప్రదాయ గానాన్ని మనికాయ్ అంటారు. అది వినోదానికి పాడుకునే పాట లాంటిది కాదు. ఏ నేల ఎవరిది, ఏ నీరు ఎవరిది, ఎవరు ఎవరికి ఏమవుతారు, అన్నీ అందులో ఉంటాయి. ఒక వంశం పాట ఇంకో వంశం వాళ్లు ఇష్టమొచ్చినట్టు పాడటానికి లేదు. మొసలి మీద గుమాచ్ వాళ్లకు హక్కుంది, ఇంద్రధనుస్సు కొండచిలువ మీద గల్పు వాళ్లకుంది. ఆయన మొసలిని పాడాడంటే తండ్రి వైపు నిలబడి పాడాడు, ఇంద్రధనుస్సు బిడ్డనని పాడాడంటే తల్లి వైపు నిలబడి పాడాడు. మన ఊళ్లో పట్టాదారు పాసుపుస్తకం చేసే పని అక్కడ పాట చేస్తుంది. లక్షల మంది ఆ పాసుపుస్తకాన్ని కొనుక్కుని, రాగం బాగుందన్నారు. నవ్వాలో ఏడవాలో నాకూ తెలీదు. కానీ పుస్తకం మాత్రం ఆయన పేరు మీదే ఉంది.

డార్విన్ నర్సమ్మ:

అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా చదివి వెళ్లిపోయే రకం, రాయను. దీనికి మాత్రం రాయాలనిపించింది.

డార్విన్‌లో కొన్నేళ్లుగా నర్సుగా చేస్తున్నా. మా వార్డులో యోల్ంగు వాళ్లు వస్తూనే ఉంటారు. కొత్తలో ఒక ముసలామె కూల్ డ్రింక్ మిషన్ ముందు నిలబడి, నన్ను చూసి చెయ్యి చాపి “రుపియా” అంది. నాకు మతిపోయింది. రూపాయి అని అడుగుతోందేమిటి ఈవిడ, నన్ను చూసి ఇండియన్ అని పోల్చుకుందా అనుకున్నా. తర్వాత తెలిసింది, వాళ్ల భాషలో డబ్బుని నిజంగానే రుపియా అంటారు. తెల్లవాళ్లు రాకముందే మకాసర్ నుంచి ఇండోనేషియా పడవలు అక్కడి తీరానికి వచ్చేవి, సముద్ర దోసకాయల (తినే ఒక సముద్ర జీవి) వ్యాపారానికి. వాళ్లతో వచ్చిన మాట. మనదీ వాళ్లదీ మూలం ఒకటే. ఆ రోజు ఆమెకి నాణేలు ఇచ్చి, నేను కూడా రుపియా అన్నాను. పడీ పడీ నవ్వింది.

ఇంకొకటి నవ్వొచ్చేది కాదు. వాళ్ల భాషలో అవును అనడానికి “యో” అంటారు. కొత్త డాక్టరు వచ్చి ఇంగ్లిష్‌లో గబగబా చెప్పి, అర్థమైందా అంటాడు. పెద్దాయన “యో” అంటాడు, మర్యాద కోసం. డాక్టరు రాసుకుని వెళ్లిపోతాడు. సాయంత్రం దుబాసీ వచ్చి అడిగితే, పెద్దాయనకి ఒక్క ముక్కా ఎక్కలేదని బయటపడుతుంది. ఇది ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. కొన్నిసార్లు దుబాసీ దొరకరు.

గుర్రుముల్ గారిని తీసుకెళ్లింది లివరు, కిడ్నీ జబ్బు. చిన్నప్పుడు వచ్చిన హెపటైటిస్ బి దానికి మూలం. ఇక్కడ పని చేసేవాళ్లకి ఇది ఒక గాయకుడి కథ కాదు, మామూలు రోజు. డయాలసిస్ కోసం ద్వీపం వదిలి డార్విన్ వచ్చి, ఊరి మీద బెంగతో కిటికీలోంచి చూస్తూ కూర్చునే వాళ్లు ఎంతమందో. వియాథుల్‌లో అడవికోడి ఏ చోటు కోసం అరుస్తోందో క్లినిక్ ఆయనకి తెలీదన్నారు కదా యర్రా ఒడ్డు గారు. ఆ కిటికీ దగ్గర కూర్చున్న వాళ్లనడగండి.

నేను ఏ పక్షమో నాకే తెలీదండీ. ఆయన్ని విన్నవాళ్లు ఆ భాష మాట్లాడే మామూలు మనిషిని కూడా రెండు నిమిషాలు వింటే బాగుండు అనిపిస్తుంది, అంతే.

శ్రుతిపెట్టె:

నర్సమ్మ గారూ, మీరు రాయండమ్మా, తరచూ రాయండి.

రెండో రీలు:

ఎవరూ మైకేల్ హోనెన్ మాట ఎత్తలేదేం? గుర్రుముల్ ఆల్బమ్‌లు తెచ్చిన డార్విన్‌లోని స్కిన్నీఫిష్ రికార్డు కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరు. రికార్డింగులు ఆయనవి, స్టేజీ మీద డబుల్ బేస్ ఆయనది, ఇంటర్వ్యూల్లో మాటలూ ఆయనవే. గుర్రుముల్ పత్రికలతో మాట్లాడేవాడు కాదు. ఒక ఆదివాసీ గొంతు, దాని తరఫున ఒక తెల్లాయన మాట. ఇది ఎవరికీ ఇబ్బందిగా లేదా?

మాటల మూట:

కాగితం మీద చూస్తే ఇబ్బందే. కానీ గుర్రుముల్ మీద వచ్చిన డాక్యుమెంటరీ చూడండి. బ్రిటిష్ రాక్ గాయకుడు స్టింగ్‌తో ఫ్రెంచ్ టీవీలో పాడాల్సి వచ్చినప్పుడు, ఆ ఇంగ్లిష్ పాట ఆయనకి ఎంతకీ పట్టుబడదు. హోనెన్‌కి టెన్షన్. చివరికి ఆయన తన భాషలోనే తన మాటలు అల్లుకుని పాడాడు. ప్రపంచ స్టార్ పాటలోకి యోల్ంగు భాష దూరింది గానీ, యోల్ంగు గొంతులోకి ఇంగ్లిష్ దూరలేదు. ఇంకోసారి అమెరికా టూరుకి అన్నీ సిద్ధమైతే ఈయన విమానమే ఎక్కలేదు. మేనేజరు చేతిలో కీలుబొమ్మ చేసే పనులా ఇవి? మాట్లాడకపోవడం కూడా ఆయన ఎంచుకున్నదే అని నేననుకుంటాను. కెమెరా ముందు తనను తాను వివరించుకోవడం ఇంగ్లిష్ వాళ్ల అవసరం.

రెండో రీలు:

సరే, సగం ఒప్పుకుంటా. మిగతా సగానికి ఇంకో ప్రశ్న. 2008లో ఆరియా (ఆస్ట్రేలియా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) వాళ్లు ఆయనకిచ్చిన అవార్డుల్లో ఒకటి ఉత్తమ వరల్డ్ మ్యూజిక్ ఆల్బమ్. బ్రిటిష్ వాళ్లు వచ్చేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. ఆ నేల మీద పుట్టిన భాషేమో వరల్డ్ మ్యూజిక్, పడవెక్కి వచ్చిన ఇంగ్లిష్‌లో పాడితే ఆస్ట్రేలియన్ మ్యూజిక్! ఉత్తమ గాయకుడు అని మామూలు విభాగంలో ఇవ్వడానికి 2018 దాకా పట్టింది. అప్పటికి మనిషి లేడు.

యర్రా ఒడ్డు:

రెండు రోజులు ఆఫీసు పనిలో పడి రాలేకపోయాను. మాటల మూట గారు చెప్పిన పాట క్రెడిట్లు చూశాను. నిజమే, ఆయన పేరుంది. నా మొదటి పోస్టులో ఆ దారి వదిలేశాడు అన్న వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. సిగ్గుపడాల్సిన పొరపాటే.

కానీ అసలు వాదన వదలను. దానికి ఇప్పుడు ఇంకో ఆధారం తెచ్చాను.

2008 సంగతులు వరసగా చూడండి. ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో ఎత్తుకెళ్లిన పిల్లల తరాలకి క్షమాపణ చెప్పాడు. అదే ఏడాది గుర్రుముల్ ఆల్బమ్ వచ్చింది, దేశమంతా ఈ భాష ఎంత మధురం అంది. అదే ఏడాది అక్టోబరులో నార్తర్న్ టెరిటరీ (డార్విన్, ఎల్కో ద్వీపం ఉన్న ప్రాంతం) ప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. బడుల్లో రోజూ మొదటి నాలుగు గంటలు పాఠాలు ఇంగ్లిష్‌లోనే చెప్పాలని. అప్పటిదాకా కొన్ని ఊళ్లలో పిల్లలకి ముందు సొంత భాషలో చదవడం నేర్పి, తర్వాత ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లేవారు. దెబ్బ పడింది ఆ ద్విభాషా బడుల మీదే. ఆ బడుల్లో గలివిన్‌కు బడి కూడా ఉంది. గుర్రుముల్ ఊరి బడి.

పిల్లవాడు పొద్దున తలకాయ చురుగ్గా ఉండే నాలుగు గంటలూ ఆ భాష పక్కన పెట్టాలి. రాత్రి సిడ్నీలో ఎవరో వైన్ గ్లాసు పట్టుకుని అదే భాషకి కళ్లు తుడుచుకుంటారు. ఆ విధానం తర్వాత కొన్నేళ్లకి వెనక్కి వెళ్లింది, నిజమే. కానీ ఆ మొదటి ఏడాది, ఆ ఆల్బమ్ కొన్నవాళ్లంతా ఒక్క ఉత్తరం ముక్క రాసినా ఆ బడి గంట మారేదేమో.

శ్రుతిపెట్టె గారూ, చెలోల గురించి మీరు చెప్పిందంతా ఒప్పుకుంటాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను, నాకూ ఒళ్లు జలదరించింది. అది వినడమే. కానీ దాని పక్కనే బడి సంగతి పెట్టి చూస్తే?

శ్రుతిపెట్టె:

ఈ బడి సంగతి నాకు తెలీదు. తెలిశాక తేలిగ్గా లేదు.

అయినా ఒక మాట. ఆ నిర్ణయం చేసినవాళ్లు పాట విన్నందుకు చెయ్యలేదు, వినకపోయినా చేసేవాళ్లు. పాట చేయగలిగిన పని పాట చేసింది. ఎప్పుడూ వార్తల్లో జబ్బులు, తాగుడు, జైళ్ల గురించి తప్ప వినని జనానికి, అక్కడ ఇంత అందమైనదొకటి నిండుగా బతికి ఉందని తెలిసింది. మిగతాది ఓట్లేసేవాళ్ల పని. పాట నెత్తిన అది కూడా పెట్టకండి.

ఇక్కడ మనిద్దరం కలవం లెండి.

యర్రా ఒడ్డు:

కలవం. పర్లేదు.

నిద్రాదేవి భక్తుడు:

ఒక సందేహం. ‘బాపా’ అంటే నాన్న అని మొదటి పోస్టులో చదివాను కదా. నిన్న రాత్రి మామూలుగానే పెట్టుకుని పడుకున్నా. ఆ ఒక్క మాట మళ్లీ మళ్లీ వస్తుంటే లేచి కూర్చున్నా. మా నాన్న పోయి నాలుగేళ్లు. మిగతా మాటల అర్థం ఎక్కడ దొరుకుతుంది?

మాటల మూట:

ఆ ఆల్బమ్ పాటల ఇంగ్లిష్ అర్థాలు నెట్‌లో దొరుకుతాయండీ. మెసేజ్ పెట్టండి, పంపుతాను. వియాథుల్‌తో మొదలుపెట్టండి, చిన్నది.

డార్విన్ నర్సమ్మ:

మూట గారూ, నాక్కూడా. రేపు నైట్ డ్యూటీ.